భాగవత గగనయానములు – చోదనవిచారము

వరంగల్లు నుండి ఖమ్మమునకుఁ బోవు మార్గమున నున్న తొర్రూరు పట్టణమునకు సమీపమున మూఁడు గ్రామములు గలవు. అందు వల్మిడి వాల్మీకి తపోభూమి యని స్థానికుల విశ్వాసము. పాలకుర్తి పాల్కురికి సోమనాథుని పేరఁ బ్రసిద్ధము. బమ్మెర పోతనామాత్యునకు నింటిపే రిచ్చినది. ఈ మూఁడూళ్లతో ముడివడిన మువ్వురు కవులును మనుజులనో దేవతలనో మింటఁ బయనింపఁ జేసినవారే. ఆదికవి పుష్పకమును నడపెను. సోమనాథుఁడు శివభక్తులను గైలాసమున కనిపెను. పోతన విష్ణుమూర్తిని వైకుంఠము నుండి మడుఁగుదాఁక రప్పించెను. పోతన యొంటిమిట్టవాఁడా, యోరుఁగల్లు సీమవాఁడా యను చిరకాలవివాదమున కిచటఁ బ్రసక్తి లేదు. ఆయన భాగవతమే యిచట విచార్యము.

2023 జులై 14వ తేదీన శ్రీహరికోట నుండి వెడలిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగినది. ఇట్టి సమయములందెల్ల నొక వాదము తల యెత్తుచుండును. ఇప్పటివారు కనుఁగొన్నది మనవారు పురాణకాలముననే యెఱిఁగియుండిరనియు, సౌభకము, పుష్పకము మున్నగునవి యంతరిక్షనౌకలే యనియు, భాగవతమున వాని నిర్మాణరహస్యము నిక్షిప్తమై యున్నదనియు దాని సారము. సభలలోఁ జప్పట్లతో ముగియునంతవఱకు నీ వాదముతో విమర్శకునకుఁ బనిలేదు. అది బడి గడప దాఁటినచో మాత్ర మూరకుండరాదు. ఒకే తరగతిలో నొక గంట తెలుఁగు పండితుఁడు వామనచరిత్రమును, మఱుగంట శాస్త్రోపాధ్యాయుఁడు న్యూటను మూఁడవ సూత్రమును జెప్పవలసి యుండును. మొదటివాఁడు రెండవవాని పాఠము తన పద్యములోనే యున్నదని చెప్పినయెడల బాలురకు శాస్త్రమును రాదు, పద్యమును రాదు.

ఇందుఁ బరీక్షింపవలసినది గమనము కాదు, చోదనము. పురాణములలో గమనము పుష్కలముగాఁ గలదు. ఆ గమనమునకు హేతువైన బలము దేనివలన, నెట్లు పుట్టుచున్నది యను ప్రశ్నకు సమాధాన ముండిననే యది యంత్రశాస్త్ర మగును. ఎగిరినదని చెప్పుట వేఱు, ఎగురుటకు హేతువును జెప్పుట వేఱు. ఈ భేదమును మఱచుటయే పై వాదమునకు మూలము.

దీపావళినాఁడు తారాజువ్వను వెలిగించిన బాలునకుఁ జోదనశాస్త్రము సగము తెలిసినట్లే. గొట్టములోఁ గూరిన మందు కాలి వాయువై క్రిందిదెసకు వెడలును. వెడలిన దాని ద్రవ్యవేగమునకుఁ బ్రతిగా గొట్టము పైదెసకుఁ బోవును. ఆ వాయువు నేలనో గాలినో తన్నుటవలన జువ్వ లేచుచున్నదనుకొనుట పొరపాటు. ఈ పొరపాటు పామరులకే పరిమితము కాదు. అమెరికాలో రాబర్టు గొడ్డార్డు రాకెట్టును గుఱించి వ్రాయఁగా, శూన్యమునఁ దన్నుటకు వస్తువే లేదు గదా యని న్యూయార్కు టైమ్సు పత్రిక 1920లో హేళన చేసెను. గొడ్డార్డు 1926 మార్చి 16న ద్రవేంధనముతో మొదటి రాకెట్టు నెగురవేసెను. అది సుమారు రెండున్నర సెకనులు మాత్రమే యెగిరినది. 1969 జులై 17న, అనఁగా మనుష్యులు చంద్రునిపై దిగుటకై బయలుదేఱిన మఱునాఁడు, ఆ పత్రిక తన తప్పును దిద్దుకొనెను.

రష్యాదేశపు బడిపంతులు త్సియోల్కోవ్‌స్కీ 1903లోఁ బ్రకటించిన సమీకరణ మీ శాస్త్రమునకుఁ బునాది. దాని భావ మిది. రాకెట్టు పొందు వేగము రెంటిపై నాధారపడును: వెలికిఁ జిమ్మఁబడు వాయువు వేగము, బయలుదేఱునప్పటి బరువునకుఁ దుదను మిగిలిన బరువునకుఁ గల నిష్పత్తి. వాయువు సెకనునకు 3 కిలోమీటర్ల వేగముతో వెడలుచున్నదనుకొందము. రాకెట్టునకు నంత వేగమే చాలునన్న మొత్తము బరువు 2.7 పాళ్లుండఁగాఁ గడకు నొక పాలు మిగులును. రెట్టింపు వేగము కావలెనన్న 7.4 పాళ్లలో నొకటి, మూఁడింతలు కావలెనన్న 20 పాళ్లలో నొకటి మిగులును. భూమిచుట్టును దిరుగుటకు సెకనునకు సుమారు 8 కిలోమీటర్ల వేగము గావలయును. గాలి యొరపిడికి, భూమ్యాకర్షణకుఁ బోవునది దీనికి నదనము. చంద్రయాన్-3 బరువు సుమారు 3.9 టన్నులు, దానిని మోసికొనిపోయిన వాహనము బరువు 640 టన్నులు. చోదనమనఁగా వ్యయము. విడిచిపెట్టినకొలఁది వేగము, వేగము గోరినకొలఁది విడిచిపెట్టుట.

ఇఁక సౌభకమును జూతము. దశమస్కంధమున సాళ్వుఁడు శివునిగూర్చి పిడికెఁడు దుమ్ము నాహారముగాఁ గొని తపము సేసి యాకాశసంచారియగు పురమును బడసెను. అది మయుఁ డినుముతో నిర్మించినది. అది యొకపు డొకటిగాను, నొకపుడు పెక్కుగాను గానవచ్చును, కానరాకయుఁ బోవును, నేలను, మింటను, గిరిశిఖరమునను, నీటను దిరుగును. ఇనుము గలదు గనుక యంత్రమనియు, కానరాకుండుట నేఁటి రాడారు కందని విమానలక్షణ మనియుఁ గొందఱ వ్యాఖ్య. సంస్కృతమూలమున నీ పురమునకుఁ గల యొక విశేషణమును వారు దాఁటిపోయిరి. అది ‘కామగము’, అనఁగాఁ గోరినచోటికిఁ బోవునది. సాళ్వుఁడు వరమడిగినప్పుడు కోరినదే యది. తృతీయస్కంధమునఁ గర్దముఁడు దేవహూతికై కల్పించిన విమానమునకును మూలము నందిదే విశేషణము. కామమే హేతువైనచోట నింధనమునకుఁ జోటు లేదు. గ్రంథకర్త చోదనమును మఱచిపోలేదు. అక్కఱ లేదని నోరార చెప్పెను. సౌభకమునకు నిప్పుతోఁ గల సంబంధ మొక్క యుపమానముననే కానవచ్చును: త్రిప్పిన కొఱవివలె నది మింటఁ దిరిగినదని మూలము. ఆ యుపమానముగూడఁ గంటికిఁ దోఁచు తీరును జెప్పునది కాని, కదలికకు హేతువును జెప్పునది కాదు.

‘విమాన’ శబ్దము చేసిన మోసము మఱొకటి. ఈ పదమునకు దేవయానమనియు, నేడంతస్తుల మేడ యనియు, దేవాలయ శిఖరభాగమనియు నర్థములు గలవు. అమరసింహుఁడు వ్యోమయానమును దీనికిఁ బర్యాయముగాఁ జెప్పెను. ఇరువదవ శతాబ్దారంభమున రెక్కల యంత్రము వచ్చినప్పుడు తెలుఁగువారు పాతమాటను గ్రొత్తవస్తువున కిచ్చిరి. అది యుచితమే. తరువాతి తరమువారు పాతగ్రంథములు చదువుచు, నా మాటలోఁ గ్రొత్తవస్తువును జూచి యచ్చెరువొందిరి. తామే దాఁచినదానిని దామే కనుఁగొన్నట్లైనది. ‘గగనయానము’ నకును నిదే గతి పట్టకుండుఁగాక!

ఈ ప్రసంగమున భరద్వాజకృతమని చెప్పఁబడు ‘వైమానికశాస్త్రము’ తప్పక యుదాహరింపఁబడును. దాని చరిత్రము తెలిసినదే. పండిత సుబ్బరాయశాస్త్రి 1918–1923 సంవత్సరముల నడుమఁ జెప్పఁగా వ్రాయఁబడిన సంస్కృతశ్లోకము లవి. జోస్యరు 1973లో నాంగ్లానువాదముతోఁ బ్రకటించెను. 1974లో బెంగుళూరి భారతీయ విజ్ఞానసంస్థలోని ముకుంద, దేశపాండే, నాగేంద్ర, ప్రభు, గోవిందరాజు అను నేవురు శాస్త్రజ్ఞులు దానిని బరీక్షించిరి. భాషను జూచి యది వైదికము కాదనియు, నిరువదవ శతాబ్దముకంటెఁ బ్రాచీనము కాఁజాలదనియు, నందలి శకున, సుందర, రుక్మ, త్రిపుర విమానములలో నేదియు నెగురఁ దగినది కాదనియు వారు తేల్చిరి. ఈ పరీక్షయందుఁ బండితులు గమనింపఁదగిన దొకటి గలదు. వారు యంత్రముల కొలతలను మాత్రమే కాక ఛందస్సును, శైలిని, ప్రతి లభించిన తీరును గూడఁ జూచిరి. తాళపత్రప్రతులను బరిష్కరించువారు చేయవలసిన పని యది. దానిని యంత్రశాస్త్రజ్ఞులు చేయవలసివచ్చుట పండితలోకమునకుఁ గొంచెము సిగ్గుచేటు.

నవమస్కంధమునఁ గకుద్మి కథ యింతకంటె సూక్ష్మమైన వాదమున కాధారమైనది. అతఁడు తన కూఁతురు రేవతికి వరుని నడుగ బ్రహ్మలోకమునకుఁ బోయి, యచట గానము సాగుచుండఁగా క్షణకాలము వేచెను. ఆ క్షణమున భూమిపై నిరువదియేడు మహాయుగములు గడచెను. ఐన్‌స్టీను 1905లోఁ జెప్పిన కాలసంకోచ మిదియే యని కొందఱందురు. పోలిక చూచుటకు సొంపైనది, నిలుచుటకుఁ జాలదు. ఐన్‌స్టీను మతమునఁ గాలభేదమునకు హేతువు ప్రయాణవేగము. ఆకర్షణబలముచేఁ గలుగు భేదము నాతఁడు పిదపఁ జేర్చెను. కకుద్మి యెంత వేగముగాఁ బోయెనో కథలో లేదు. ఆతనికిఁ గాలము గడచినది ప్రయాణమునఁ గాదు, సభలోఁ గూర్చుండియుండఁగా. బ్రహ్మకుఁ బగలొక కల్పమను లోకవ్యవస్థయే యచట హేతువు. అంతరిక్షస్థానమున నాఱునెలలు వసించి వచ్చినవాఁడు భూమిపై నున్నవారికంటె సుమారు 0.005 సెకను వయసు తక్కువవాఁడగునని నేఁటి గణితము. ఇట్టి సంఖ్య పురాణమునకు నక్కఱ లేదు, శాస్త్రమునకు నదియే ప్రాణము.

పురాణభూగోళము విషయమును నట్టిదే. భాగవతము ననుసరించి చంద్రమండలము సూర్యునికంటె లక్ష యోజనములు మీఁద నున్నది. నేఁటి కొలతల ననుసరించి చంద్రుఁడు భూమికి సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరమున, సూర్యుఁడు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నారు. పంచమస్కంధాంధ్రీకరణము గంగనదే కాని పోతనది కాదని చెప్పి తప్పించుకొనుటకు వీలు లేదు. వామనుని పెరుగుదలను జెప్పు సుప్రసిద్ధపద్యమునఁ బోతనయు వెలుఁగురాశికిఁ దరువాతనే చంద్రుని నిలిపెను. ఈ వరుసతో లెక్కించి వాహనమును బంపినవాఁడు చంద్రునిఁ జేరఁడు. ఇది పద్యమునకు దోషము కాదు. పద్యమును శాస్త్రమనువాని వాదమునకు దోషము.

ఇట్లయినచో మన పూర్వులకుఁ జోదన మేమియుఁ దెలియదా? తెలియును. పండితులు వెదకినచోట మాత్ర మది లేదు. పోతన జీవించిన 15వ శతాబ్దముననే, 1443లో విజయనగరమునకు వచ్చిన పారసీకరాయబారి యబ్దుల్ రజాకు మహానవమి యుత్సవములలో బాణసంచా వేడుకలు చూచినట్లు వ్రాసెను. కళింగమునకును, దెలుఁగు తీరసీమకును బ్రభువైన గజపతి ప్రతాపరుద్రుని (1497–1540) ‘కౌతుకచింతామణి’ యందు బాణసంచా మందుల పాళ్లు వివరింపఁబడినవి. పెట్లుప్పు, గంధకము, బొగ్గు, లోహపుపొడి యిన్నిన్ని పాళ్లని యచటఁ గలదు. కామగమనము కాదది, కొలిచి చేసినది. చోదనశాస్త్రచరిత్ర వ్రాయఁదలఁచిన తెలుఁగు పరిశోధకుఁడు సౌభకమును విడిచి యీ గ్రంథముతోఁ బ్రారంభింపవలెను.

ఇచటను శబ్దమొకటి పెడత్రోవ పట్టించును. గొట్టపుమందునకు ‘బాణము’ అను పేరు వచ్చుటతో, నితిహాసములలోని యాగ్నేయాస్త్రములను రాకెట్టులుగాఁ జదువుట సులభమైనది. వ్యవహారమునందలి తెలుఁగుమాటలు మాత్రము తమ పుట్టుక దాఁపక చెప్పుచున్నవి. ‘అవాయిచువ్వ’ లోని యవాయి, గాలినిఁ దెలుపు హవా శబ్దమునుండి తురకల వాడుకగా వచ్చిన ‘హవాయీ’. చువ్వ మన మాట. దిశ తప్పకుండుటకై గొట్టమునకుఁ గట్టిన పుల్ల యది. ఆంగ్లేయుల ‘రాకెట్టు’ శబ్దమునకు మూలము ఇటలీవారు నూలుకండెకు వాడు మాట యనిన మన సాలెవారు నవ్వుదురేమో! ఒకరు దాని పుల్లను జూచిరి, ఒకరు దాని గొట్టమును జూచిరి. ఇరువురును జేతఁబట్టి చూచిన వస్తువునకుఁ బేరు పెట్టినవారే.

ఇనుపగొట్టములలో మందు గూరి హైదరాలీ, టిప్పు సుల్తానులు 1780లోఁ బొల్లిలూరియొద్ద నాంగ్లసేనపైఁ బ్రయోగించిరి. 1799లో శ్రీరంగపట్టణము పడిన తరువాత నవి యింగ్లండునకుఁ గొనిపోఁబడి కాంగ్రీవు రాకెట్టులకు మాతృక లైనవి. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ నున్న శ్రీహరికోటనుండి 1971లోఁ జిన్న రోహిణి రాకెట్టు లేచినది. 1980 జులై 18న భారతీయవాహన మొక యుపగ్రహమును గక్ష్యలోఁ బెట్టినది. అంతకు ముందటి యేఁడు చేసిన యత్నము విఫల మయ్యెను. హైదరాబాదున 2018లో నెలకొన్న స్కైరూట్ సంస్థ రాకెట్టు 2022 నవంబరు 18న నదే దీవినుండి సుమారు 89 కిలోమీటర్ల యెత్తునకుఁ బోయినది. ఈ వరుసలో వరప్రసాదము లేదు. తప్పులు, దిద్దుబాటులు, పాళ్ల మార్పులు నున్నవి.

ఇంతవఱకు లేనిదానిని నిరాకరించుట యైనది. ఉన్నదానిని జూపుట మిగిలినది. విమర్శమున కదియే ముఖ్యము. పోతన గగనయానవర్ణనలలో శ్రేష్ఠమైనది గజేంద్రమోక్షము నందలి హరిప్రస్థానము. సంస్కృతభాగవతమున విష్ణువు చక్రము ధరించి గరుడునిపై నెక్కి వచ్చును. అచట వాహన మున్నది. పోతన యా వాహనమును దీసివైచెను. లక్ష్మితోఁ జెప్పక, శంఖచక్రములఁ గైకొనక, పరివారమును బిలువక, పక్షిరాజును సిద్ధపఱుపక, చెవులదాఁక జాఱిన జుట్టు సవరింపక, కడకుఁ జేతనున్న లక్ష్మి పైఁటకొంగు నైనను విడువక స్వామి బయలుదేఱెను. తరువాతి పద్యమున నా విడిచినవన్నియు వెనుక వెనుకఁ బరుగెత్తుకొని వచ్చుచున్నవి: సిరి, యంతఃపురము, గరుడుఁడు, ఆయుధములు, నారదుఁడు, సేనాని, వైకుంఠవాసులు. వేగమను మాట చెప్పక, యేమేమి వెనుకఁ బడెనో చెప్పి వేగమును గలిగించుట యిచటి శిల్పము. భాగవతమున విమాననిర్మాణరహస్యము వెదకువారు పోతన బుద్ధిపూర్వకముగాఁ దొలఁగించిన వస్తువునే వెదకుచున్నారు. మూలమునందైన నొక వాహనము దొరకును; తెలుఁగున నదియు దొరకదు. మీమాంసకులు విధివాక్యమునకుఁ ‘జోదన’ యని పేరు పెట్టిరి. ఆ యర్థమున మాత్రమే యిచటఁ జోదన గలదు: ఏనుఁగు మొఱ.

విడిచినకొలఁది వేగమని రాకెట్టును గూర్చి పైనఁ జెప్పఁబడినది. ఈ పద్యమును, ఆ సమీకరణమును బక్కపక్కన నుంచి చూచిన రసజ్ఞునకు ముచ్చట గలుగును. అది యుపమ. ఉపమానము ప్రమాణము కాదని యలంకారశాస్త్రము చదివినవారికిఁ జెప్పనక్కఱ లేదు. ముఖము చంద్రునివలె నున్నదన్నంతమాత్రమునఁ జంద్రుని కొలతలకు ముఖమును గొలువము గదా! తరగతిలో శాస్త్రోపాధ్యాయుఁడు సమీకరణము చెప్పిన పిదపఁ బండితుఁడీ పోలికను జూపవచ్చును. ముందుగాఁ జూపి, సమీకరణ మిందున్నదనుటయే తప్పు.

వామనుని పెరుగుదలలో శిల్పము వేఱు. సూర్యబింబము వటునకు మొదట గొడుగు, పిదపఁ దలమానికము, చెవికమ్మ, కంఠాభరణము, బాహుపురి, కంకణము, మొలగంట, యందియ, తుదకుఁ బాదపీఠము నైనది. మూలమునఁ గానరాని యీ వరుస పోతన సొమ్ము. పెరుగుచున్నది వటువు, కదలుచున్నట్లు తోఁచునది సూర్యుఁడు. కదలికను గొలుచుటకు నిలుకడయైన గుఱుతు గావలయునను తెలివి యిందుఁ గలదు. అదియు శాస్త్రము కాదు, చూపు. శాస్త్రమునకు ముందుండవలసిన చూపు. ఒక చిన్నలోపము చెప్పవలసి యున్నది: ఆభరణముల వరుస యెంత చక్కగా దిగునో, యంత చక్కగాఁ జూచువాని స్థానము తెలియదు. నేల నుండి చూచుచున్న బలికిఁ బాదపీఠమైన సూర్యుఁడెట్లు గానవచ్చును? పాఠకుఁడీ ప్రశ్న వేయక ముందే పద్యము ముగియును; అది పోతన ధారాశుద్ధి ఫలము.

ముందు రాఁగల గగనయానమున కీ రెండు పద్యములలో రెండవదే దగ్గఱ. మందుకాల్చి యెగురు రాకెట్టులు భూమిని విడుచుటకుఁ దప్పనివి కాని, దూరయానమునకు వానిలోఁ బస చాలదు. అంగారకుని కడకుఁ బోయిన మంగళయానపు బరువు 1,337 కిలోలలో 852 కిలోలు ఇంధనమే. విద్యుచ్ఛక్తిచే నయానులను జిమ్ము యంత్రములు వేఱొక త్రోవ. అవి సెకనునకు 30 కిలోమీటర్ల వేగముతో వానిని వెడలఁజిమ్మును. కాని వాని త్రోపు కాగితపుటాకు బరువంతయే. ఆ త్రోపు నెలలు, సంవత్సరములు సాగును. 2007లో వెడలిన డాన్ నౌక యీ విధముననే 2011లో వెస్టాను, 2015లో సిరీసును జేరినది. సూర్యకాంతినే తెరచాపకుఁ బట్టించి 2010లో జపానువారు ఇకారోసు నౌకను నడపిరి. అందుఁ జిమ్ముట కింధనమే లేదు. కొంచెము కొంచెముగా, నెడతెగక పెరుగు వేగమిది. అయినను నక్షత్రములు చేరువ కావు. 1977లో వెడలి సెకనునకు సుమారు 17 కిలోమీటర్లు పోవుచున్న వాయేజర్-1 వేగముతో దగ్గఱి నక్షత్రమునకుఁ బోవుటకు 75,000 సంవత్సరములు పట్టును.

పరిభాష విషయమున నొకమాట. ‘పలాయనవేగము’ అను పాఠ్యపుస్తకపదము యుద్ధమున వెన్నిచ్చిన వానిని జ్ఞప్తికిఁ దెచ్చును. ‘విమోచనవేగము’ అన్న గజేంద్రుఁడు జ్ఞప్తికి వచ్చును, అర్థమును సరిపోవును. ‘రాకెట్టు’ ను మార్చుట వ్యర్థము. అది తెలుఁగై పోయినది. ‘తారాజువ్వ’ ను బాణసంచాకే విడిచిపెట్టుట నష్టము. బాలబోధకు నంతకంటె మేలైన మాట లేదు.

పురాణయానములకుఁ దుది మొదళ్లే కాని నడుమ లేదు. వైకుంఠము విడిచిన స్వామి మడుఁగుకడ నుండును. కకుద్మి బయలుదేఱెనని చదివినంతలో సభలో నుండును. 2021 జులై 11న బండ్ల శిరీష చేసిన రోదసీయాత్రయు నిమిషములలో ముగిసినది. అంగారకయానమన్ననో, నడుమయే సర్వస్వము. 2013 నవంబరు 5న లేచిన మంగళయానము 2014 సెప్టెంబరు 24న నంగారకకక్ష్యఁ జేరినది. దారిలో దాని ముఖ్యయంత్రము సుమారు 300 దినములు నిద్రించి, చేరుదినమున సుమారు 24 నిమిషములు మండినది. మనుష్యులు పోవుకాలమున నా 300 దినములను దెలుఁగున నెట్లు వ్రాయుదురు? దానికి మాదిరి భాగవతమున లేదు. ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్రచరిత్ర’ యందుఁ గలదు. 1830 మే 18న చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరు 3న మరలి వచ్చిన యాయన, పదునైదునెలల పయనమున నే మజిలీకి నెంత దూరమో, యెచట నీరు మంచిదో, యెచట నేమి దినుసు దొరకునో, బోయీ లెచట నలసిరో దినదినము వ్రాసికొనెను.